బాతు పాదంలో చీము కారదు, గడ్డకడుతుంది

పెంపుడు బాతు కుంటుతోందంటే చాలామంది ముందు మోకాలు చూస్తారు, తర్వాత తొడ నొక్కి చూస్తారు. అరికాలు చూసేది ఆఖర్న. నిజానికి మొదట చూడాల్సింది అదే. బాతును ఒళ్లో పెట్టుకుని పాదం తిప్పితే, మూడు వేళ్లూ వచ్చి కలిసేచోట దిండులా ఉబ్బెత్తుగా ఉండే భాగం మీద మిరియం గింజంత నల్లటి పొక్కు కనిపిస్తుంది. మన కాళ్లకు వచ్చే ఆనెకాయలా ఉంటుంది కాబట్టి ఆనెకాయేలే అని వదిలేస్తారు. ఆనెకాయ చర్మం గట్టిపడటంతో ఆగిపోతుంది. ఈ నల్ల పొక్కు మాత్రం సీసాకు బిరడా లాంటిది, అసలు సరుకు దాని కింద ఉంటుంది. పశువైద్యులు దీన్ని బంబుల్‌ఫుట్ అంటారు. ఇక్కడ కాలి గడ్డ అనుకుందాం.

దీనికి ఇంట్లో వైద్యం చేయవచ్చు. ఎంతవరకు చేయవచ్చన్నది మాత్రం ఒకే ప్రశ్న మీద ఆధారపడుతుంది: పొక్కు కింద గడ్డ కట్టిందా, ఇంకా కట్టలేదా? అదెందుకంత ముఖ్యమో తెలియాలంటే పక్షి ఒంట్లో చీము ఎలా పుడుతుందో చూడాలి.

మనిషికో కుక్కకో పుండు పడితే న్యూట్రోఫిల్స్ అనే తెల్లకణాలు అక్కడికి చేరి చచ్చిన కణజాలాన్ని కరిగించేస్తాయి. అందుకే చీము పల్చగా ఉంటుంది, గాటు పెడితే కారిపోతుంది. పక్షుల్లో ఆ పని హెటెరోఫిల్స్‌ది. వాటిలో మైలోపెరాక్సిడేజ్ అనే ఎంజైము ఉండదు. దాంతో చచ్చిన కణాలు కరిగి నీరు కావు. పోగుపడి, పిండేసిన పన్నీరు ముక్కలా గట్టిపడతాయి. పసుపుపచ్చటి ఆ ముద్ద చుట్టూ శరీరం ఒక సంచి కడుతుంది. ముద్దలోకి రక్తనాళాలు వెళ్లవు. రక్తం వెళ్లని చోటికి మందు ఎలా వెళుతుంది? వారం రోజులు యాంటీబయాటిక్ తాగించినా కాలు అలాగే ఉందేమిటని విసుక్కునేవాళ్లకు జవాబు ఇదే. నొక్కితే చీము రావడం లేదని ఇంకా గట్టిగా నొక్కేవాళ్లూ ఉంటారు. అలా నొక్కితే ముద్ద బయటికి రాదు. సంచి లోపలివైపు చిట్లుతుంది. వేళ్లను ముడిచే తాళ్లలాంటి టెండన్లు సరిగ్గా ఆ దిండు పైనుంచే పోతాయి, సూక్ష్మజీవులు వాటిని పట్టుకుని పైకి పాకుతాయి.

ఆ సూక్ష్మజీవుల్లో తరచుగా దొరికేది స్టెఫైలోకాకస్ ఆరియస్. ఇ.కోలి, సూడోమోనాస్ వంటివీ ఉంటాయి. ఇవి ఎక్కడినుంచో వచ్చి అంటుకున్నవి కావు. బాతు చర్మం మీద, రెట్టలో, పెంచేవాళ్ల చేతుల మీద మామూలుగానే ఉంటాయి. చర్మం చెక్కుచెదరనంత కాలం వాటి ఆటలు సాగవు. చర్మం దెబ్బతినడానికి ముల్లో గాజుపెంకో గుచ్చుకోవాలనీ లేదు. సిమెంటు గచ్చు మీద రోజంతా నిలబడితే ఒంటి బరువంతా ఆ చిన్న దిండు మీద పడి అక్కడి రక్తప్రసరణ నలుగుతుంది. మంచాన పడ్డవారికి పడకపుండ్లు వచ్చే తీరే ఇదీ. వైట్ పెకిన్ లాంటి బరువు జాతులు 3.5 కిలోలు దాటతాయి, ఖాకీ క్యాంప్‌బెల్ 2 కిలోల అటూ ఇటూ తూగుతుంది. రెండింటి పాదాల వైశాల్యంలో అంత తేడా ఉండదు. పెకిన్ పెంచేవాళ్లు ఎందుకు ఎక్కువ జాగ్రత్తగా ఉండాలో ఈ లెక్కే చెబుతుంది. గోదావరి, కృష్ణా డెల్టాల్లో కోతలయ్యాక మళ్లలో తిరిగే మందబాతు కాలు బురదలో దిగబడుతూ నడుస్తుంది. మేడ మీద కడప బండల మీద తిరిగే బాతుకు ఆ వెసులుబాటు లేదు.

పట్టుకోవడం, చూడటం

బాతును కాళ్లు పట్టి ఎత్తకూడదు. కోడిలా కాదు, బాతు తొడ కీళ్లు అంత బరువు మోయవు. రెండు రెక్కలనూ ఒంటికి అదిమి, ఒక చేయి పొట్ట కింద పెట్టి ఎత్తాలి. తువ్వాలు చుట్టి చంకలో ఇరికించుకుంటే కాళ్లు వెనక్కి వేలాడతాయి, అరికాలు సులువుగా కనిపిస్తుంది. తల మీద పల్చటి గుడ్డ కప్పితే గింజుకోవడం తగ్గుతుంది. వెల్లకిలా పడుకోబెట్టి ఎక్కువసేపు ఉంచడం, రొమ్ము అదమడం ప్రమాదం. పక్షికి మనలా ఉదరవితానం లేదు, రొమ్మెముక కదిలితేనే ఊపిరి ఆడుతుంది. కదలకుండా గట్టిగా పట్టుకుందామనే మంచి ఉద్దేశంతోనే ఊపిరాడకుండా చేసే ప్రమాదం ఉంది.

పాదం కడిగి, తుడిచి, వెలుతురులో చూడాలి. ఆరోగ్యమైన దిండు మీద చిన్న చిన్న గింజల్లా గరుకుదనం ఉంటుంది. మొదటి దశలో ఆ గరుకు అరిగిపోయి చర్మం నున్నగా, గులాబీ రంగులో మెరుస్తుంది. పొక్కు ఉండదు. దీనికి మందే అక్కర్లేదు, నేల మారిస్తే చాలు. రెండో దశలో పొక్కు వస్తుంది, గోధుమ రంగులోనో నల్లగానో అర సెంటీమీటరు లోపు ఉంటుంది. చుట్టూ వాపు ఉండదు. ఇంటి వైద్యం నిజంగా పనిచేసేది ఇక్కడే. మూడో దశలో పొక్కు కింద చిక్కుడు గింజ దాచినట్టు గట్టిగా తగులుతుంది, బాతు కుంటుతుంది. రెండు పాదాలనూ రెండు చేతుల్లో పట్టుకుని పోల్చితే ఒకటి వెచ్చగా ఉంటుంది. బాతు పాదాలు ఒంటికన్నా చల్లగా ఉండటం మామూలే, ఎండాకాలం రెండూ వెచ్చబడతాయి కూడా. కాబట్టి ఒక్క కాలు వెచ్చగా ఉండటమే గుర్తు. ఈ దశలో ముద్ద బయటికి తీయాల్సిందే, తీసే పని వైద్యులది. ఇంట్లోవాళ్ల పని తర్వాత కట్లు మార్చడం. ఇక వాపు పాదం పైభాగానికి, వేళ్ల మధ్య పొర మీదికి, లేదా చీలమండ కీలుకు ఎక్కితే ఎక్స్‌రే లేకుండా ఏమీ చెప్పలేం. ఎముకకు పాకితే పూర్తిగా నయం కాకపోవచ్చు.

మూడో దశను రెండో దశ అనుకోవడమే అందరూ చేసే తప్పు. పైన పొక్కు చిన్నదైనంత మాత్రాన లోపల ముద్ద చిన్నదని కాదు. అనుమానం ఉంటే మూడు రోజులు నానబెట్టి చూస్తే తేలిపోతుంది.

నానబెట్టడం

4 లీటర్ల గోరువెచ్చని నీటిలో 2 పెద్ద చెంచాల ఎప్సమ్ సాల్ట్, సుమారు 30 గ్రాములు, కలపాలి. నీటి వేడి 38 నుంచి 40 డిగ్రీలు. మోచేయి ముంచితే హాయిగా అనిపించాలి, చురుక్కుమనకూడదు. రోజుకు రెండుసార్లు, ఒక్కోసారి 10 నుంచి 15 నిమిషాలు. మందుల షాపులో దొరికేదే కొనాలి. ఎరువుల దుకాణంలో మెగ్నీషియం సల్ఫేట్ పేరుతో అమ్మేది కూడా పేరుకు అదే రసాయనం, కానీ అది పొలానికి చేసింది. దాని శుద్ధికి పూచీ లేదు.

కోడి విషయంలో లేని చిక్కు బాతుతో ఒకటుంది. నీళ్లు కనిపిస్తే ముక్కు ముంచకుండా ఉండదు, ముంచితే తాగకుండా ఉండదు. ఎప్సమ్ సాల్ట్ విరేచనాల మందు. టబ్బులో వదిలేసి పావుగంట తర్వాత వస్తే పాదం కన్నా ముందు కడుపు నానుతుంది. పైగా నీళ్లు లోతుగా ఉంటే బాతు తేలుతుంది, తన్నుకుంటూ తిరుగుతుంది. అందుకే ముందు మంచినీళ్లు తనివితీరా తాగనివ్వాలి. తర్వాత తువ్వాలు చుట్టి ఒళ్లో పెట్టుకుని, ఆ ఒక్క పాదాన్నే వెడల్పాటి చెంబులో ముంచాలి. వేళ్లు విప్పుకునేంత వెడల్పు ఉండాలి, మూతి ఇరుకైన మగ్గు పనికిరాదు. ఇద్దరుంటే సులువు. ఒక్కరే అయితే గోడకు ఆనుకుని కింద కూర్చోవడం మేలు, బాతు జారినా ఎత్తునుంచి పడదు.

నిజం చెప్పాలంటే ఇక్కడ ఎక్కువ పని చేసేది ఉప్పు కాదు, వెచ్చని నీరు. పొక్కు మెత్తబడుతుంది, రక్తప్రసరణ పెరుగుతుంది. ఎప్సమ్ సాల్ట్ దొరకలేదని ఆగాల్సిన పనిలేదు. లీటరు నీటికి 9 గ్రాముల మామూలు ఉప్పు, అంటే సుమారు ఒకటిన్నర చిన్న చెంచాలు, కలిపినా సరిపోతుంది. ఈ పనులేవీ వంటింటి సింకులో చేయకూడదు. పైకి ఆరోగ్యంగా ఉన్న బాతు రెట్టలో కూడా మనకు విరేచనాలు తెప్పించే సాల్మొనెల్లా అనే సూక్ష్మజీవి ఉండవచ్చు. విడిగా ఒక పాత్ర, చేతికి తొడుగులు, తర్వాత సబ్బు. ఇంట్లో చిన్నపిల్లలుంటే మరీ ముఖ్యం.

మూడో రోజుకు పొక్కు అంచులు లేస్తాయి. తడి గాజ్ గుడ్డతో అంచునుంచి మధ్యలోకి నెమ్మదిగా రుద్దితే దానంతట అది ఊడిరావాలి. రాకపోతే ఆ పూటకు ఆపేసి మళ్లీ నానబెట్టాలి. గోటితో పీకకూడదు. ఊడాక కింద లోతులేని గుంట, ఎర్రగా తడిగా మాంసం కనిపిస్తే అదృష్టం, అది రెండో దశే. పసుపుపచ్చటి బిరడా లాంటిది కనిపించి, కదిపితే లోపలికి వేరులా పాతుకుని ఉన్నట్టు అనిపిస్తే అది మూడో దశ. శుభ్రం చేసి, కట్టు కట్టి, వైద్యుల దగ్గరికి తీసుకెళ్లాలి.

ఇంటర్నెట్‌లో వంటింటి బల్ల మీద బ్లేడుతో ముద్ద తీసే వీడియోలు బోలెడు. వాటిలో ముద్ద బయటికి వచ్చిన క్షణం కనిపిస్తుంది. మత్తు లేకుండా కోస్తున్నప్పుడు బాతు కదలకుండా ఉండటాన్ని నొప్పి లేదనడానికి రుజువుగా చూపిస్తారు. వేటకు గురయ్యే జంతువు నొప్పిని దాచుకుంటుంది, భయంతో బిగుసుకుపోతుంది. అంతే. బ్లేడు రెండు మిల్లీమీటర్లు లోతుకు దిగితే టెండను తెగుతుంది, ఆ వేలు ఇక ముడుచుకోదు. ముద్దలో సగమే వస్తే మిగిలిన సగం నెలలో మళ్లీ పెరుగుతుంది, ఈసారి మచ్చ కట్టిన చర్మం కింద.

మందు, కట్టు

గుంటను ముందు ఉప్పునీటితో కడగాలి. తర్వాత పల్చటి పొవిడోన్ అయోడిన్. షాపులో దొరికే 5 శాతం ద్రావణం ఒక వంతుకు కాచి చల్లార్చిన నీళ్లు తొమ్మిది వంతులు కలిపితే పాలు లేని పల్చటి టీ రంగు వస్తుంది. అంతకన్నా చిక్కగా వాడితే సూక్ష్మజీవులతో పాటు కొత్తగా పుడుతున్న చర్మకణాలూ చస్తాయి. హైడ్రోజన్ పెరాక్సైడ్ నురగ చూడటానికి బాగుంటుంది, రోజూ పోస్తే పుండు మానదు. పైపూతకు మ్యుపిరోసిన్ ఆయింట్‌మెంట్ గానీ సిల్వర్ సల్ఫాడయజిన్ క్రీము గానీ శనగగింజలో సగమంత చాలు. ఎక్కువ రాస్తే కట్టు నిలవదు, జిడ్డు ఈకలకు అంటుతుంది. ఈకలు జిడ్డుబారిన బాతు నీళ్లలో తడిసి ముద్దవుతుంది.

కట్టు దగ్గర కూడా కోడికీ బాతుకూ తేడా ఉంది. కోడికి పట్టీని వేళ్ల సందుల్లోంచి తిప్పవచ్చు. బాతుకు సందులే లేవు, పొర అడ్డం. పొర మీదుగా లాగి బిగిస్తే అది మడతపడి, మడతలో తేమ నిలిచి, కొత్త పుండు పుడుతుంది. అందుకని పాదం సహజంగా విప్పుకుని ఉండగా 3 సెంటీమీటర్ల చదరపు గాజ్ ముక్కను దిండు కింద పెట్టాలి. తనకు తానే అంటుకునే కోహెసివ్ బ్యాండేజీని 2 సెంటీమీటర్ల వెడల్పు, 30 సెంటీమీటర్ల పొడవున కత్తిరించుకోవాలి. చర్మానికి అంటుకునే ప్లాస్టరు వద్దు, తీసేటప్పుడు చర్మాన్ని లాక్కుని వస్తుంది. పట్టీని వెనుక వేలు పైన కాలికి ఒక చుట్టు చుట్టి, పాదం పైనుంచి దించి, దిండు కిందుగా పోనిచ్చి, అవతలివైపునుంచి పైకి తెచ్చి మళ్లీ కాలికి చుట్టాలి. చుట్టిన ఆకారం ఇంగ్లిషు అంకె 8లా, రెండు సున్నాలు కలిసినట్టు ఉండాలి. రెండు మూడు చుట్లు చాలు, వెనుక వేలు లోపల నలగకూడదు. ఈ బ్యాండేజీ సాగదీసి చుడితే తర్వాత కుంచించుకుంటుంది. కాబట్టి ముందే కావలసినంత విప్పి వదులు చేసుకుని, సాగదీయకుండా పరవాలి. వేళ్ల కొసలు బయటికి కనిపించాలి.

అరగంట తర్వాత ఆ వేళ్ల కొసలు ముట్టుకుని చూడాలి. రెండో కాలి వేళ్లకన్నా చల్లగా ఉన్నా, ఉబ్బినా, రంగు ముదిరినా వెంటనే విప్పాలి. ఈ ఒక్క పరీక్ష మరిచిపోయి రాత్రికి వదిలేసినందువల్ల వేళ్లు పోయిన బాతులున్నాయి.

దిండు మీద బరువు పడకుండా గాజ్ కింద ఫోమ్ వలయం పెట్టవచ్చు. పాత యోగా మ్యాట్ ముక్కను గారెలా మధ్యలో చిల్లితో కత్తిరిస్తే సరిపోతుంది. చిల్లి పుండుకన్నా కాస్త పెద్దదిగా ఉండాలి. చిన్నదైతే వలయం అంచే పుండు చుట్టూ నొక్కి రక్తాన్ని ఆపేస్తుంది, వలయం లేకపోవడమే నయం.

మొదటి వారం రోజూ కట్టు మార్చాలి, తర్వాత రెండు రోజులకోసారి. తడిసిన కట్టును ఒక్క గంట కూడా ఉంచకూడదు. పాత సైకిల్ ట్యూబుతో బూటు కుట్టి నీళ్లలోకి వదలాలన్న ఆలోచన చాలామందికి వస్తుంది. నీరు బయటినుంచి రాకపోయినా లోపలి చెమ్మ బయటికి పోదు, పాదం రెండు రోజుల్లో తెల్లగా నానిపోతుంది. అలాగని నెల రోజులు స్నానం మాన్పించకూడదు, ఈకలకు నీటిని అడ్డుకునే గుణం తగ్గుతుంది. మధ్యేమార్గం ఉంది. కట్టు మార్చే రోజున పాతది విప్పాక శుభ్రమైన నీళ్లలో పది నిమిషాలు ఈదనిచ్చి, బాగా తుడిచి, మందు రాసి, కొత్తది కట్టాలి. మిగతా వేళల్లో తల మునిగేంత లోతున్న బకెట్టు చాలు. కళ్లూ ముక్కురంధ్రాలూ కడుక్కోవడానికి బాతుకు ఆ మాత్రం నీళ్లు తప్పనిసరి.

రెండో దశ గడ్డ మానడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. వారం తర్వాత కూడా గుంట చిన్నది కాకపోతే, లేదా బాతు తిండి తగ్గించి బరువు పడిపోతుంటే ఇంటి వైద్యం ఆపాలి. గుడ్డసంచిలో పెట్టి వేలాడే త్రాసుతో రెండు రోజులకోసారి తూచితే అది తెలిసిపోతుంది. ఈకల ఒత్తు కింద చిక్కిపోవడం కంటికి ఆనదు.

ఇంట్లో ఉన్నాయి కదా అని వాడకూడనివి

మందుల షాపులో అడిగితే ముందు చేతికి వచ్చేది బీటామెథసోన్ గానీ క్లోబెటసోల్ గానీ కలిసిన క్రీము. ఇవి స్టెరాయిడ్లు. ఎరుపును వెంటనే తగ్గిస్తాయి, నయమవుతున్నట్టు కనిపిస్తుంది. లోపల రోగనిరోధకతను అణచేసి సూక్ష్మజీవులకు దారి చేస్తాయి. నొప్పి తగ్గించే లిగ్నోకెయిన్, బెంజోకెయిన్ కలిసిన పూతలూ వద్దు. మత్తు మందుకు పక్షులు సున్నితం, పైగా ముక్కుతో గీకి మింగేస్తాయి.

నొప్పికి మాత్ర అరగదీసి పోయడం అన్నిటికన్నా ప్రమాదం. డైక్లోఫెనాక్ ఇచ్చిన పశువుల కళేబరాలు తిని మన దేశంలో రాబందులు మూత్రపిండాలు చెడి చచ్చిపోయాయి. అందుకే 2006లో పశువైద్యంలో దాన్ని నిషేధించారు. ఎసిక్లోఫెనాక్, కీటోప్రొఫెన్‌లకూ 2023లో అదే గతి పట్టింది. బాతుకు రాబందంత సున్నితత్వం లేకపోవచ్చు. అయినా ఇంట్లో లెక్కగట్టి ఇచ్చే మందు కాదది. పక్షులకు నొప్పికి వైద్యులు ఎక్కువగా వాడేది మెలాక్సికామ్, మోతాదు బరువును బట్టి వాళ్లే చెబుతారు.

యాంటీబయాటిక్ సంగతీ అంతే. కోళ్లఫారాలకు అమ్మే ఎన్‌రోఫ్లాక్సాసిన్ ద్రావణం సులువుగా దొరుకుతుంది, నీళ్లలో కలిపితే చాలంటారు. బాతు ఆ నీళ్లలో తాగేది కొంత, చిమ్మేది కొంత, ఈకలకు పూసుకునేది కొంత. ఎంత లోపలికి వెళ్లిందో ఎవరికీ తెలియదు. చాలీచాలని మోతాదుతో లొంగని సూక్ష్మజీవులే మిగులుతాయి. మందు అవశేషం గుడ్లలోకి వస్తుంది కాబట్టి ఆ గుడ్లు ఎన్నాళ్లు తినకూడదో మందు రాసినవారినే అడగాలి. దగ్గర్లో పక్షులు చూసే వైద్యులు లేకపోతే హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని, తిరుపతిలోని పశువైద్య కళాశాలల ఆసుపత్రులు ఉన్నాయి. పశువైద్య సంచార వాహనాల కోసం 1962కు ఫోన్ చేయవచ్చు. అవి ముఖ్యంగా పాడిపశువుల కోసం ఉద్దేశించినవి, బాతు కాలికి పరుగెత్తుకొస్తారని ఆశపడకూడదు. సలహా అయితే అడగవచ్చు.

పసుపు మాటేమిటి? పసుపు వల్ల పెద్ద హాని లేదు. కానీ పాదమంతా పసుపు మెత్తితే ఎరుపు ఎంత తగ్గిందో, ఎక్కడిదాకా పాకిందో కనిపించదు. పుండ్లకు పూసే ఊదారంగు మందు జెన్షియన్ వయొలెట్‌దీ ఇదే చిక్కు. వేపాకు కాచిన నీళ్లు కడగడానికి పనికొస్తాయి, ముద్దను కరిగించవు. కిరోసిన్, సున్నం, చిక్కటి డెట్టాల్ చర్మాన్ని కాలుస్తాయి. వానాకాలంలో పుండు తెరిచి ఉంచితే ఈగలు వాలి ఒకటి రెండు రోజుల్లోనే పురుగులు పడతాయి. గేదెలకు చేసినట్టు టర్పెంటైన్ పోయకూడదు. ఉప్పునీటితో కడిగి, కనిపించినవి పట్టకారుతో తీసి, ఆ రోజే వైద్యులకు చూపించాలి.

నేల

ఎంత బాగా కట్టు కట్టినా బాతు తిరిగి నిలబడేది అదే గచ్చు మీదైతే ఈ శ్రమంతా వృథా. పైగా కుంటే బాతు బరువంతా రెండో కాలి మీద వేస్తుంది, మూడు వారాల్లో అక్కడా నల్ల పొక్కు తేలుతుంది. కాబట్టి వైద్యం మొదలుపెట్టిన రోజే నేల మార్చాలి.

వరిగడ్డి 10 నుంచి 15 సెంటీమీటర్ల మందాన పరిస్తే బాగుంటుంది. అయితే పొడిగా ఉన్నంతవరకే. తడిసిన గడ్డికి బూజు పడుతుంది, ఆ బూజు బీజాలు పీలిస్తే ఆస్పర్జిల్లోసిస్ అనే ఊపిరితిత్తుల జబ్బు వస్తుంది. రోజూ తడి పొర తీసి పైన కొత్తది వేయాలి. ఊక చవక, తేలిగ్గా దొరుకుతుంది. పుండు లేని బాతుకు ఫరవాలేదు, పుండున్న బాతుకు దాని మొనలు గుచ్చుకుంటాయి, కట్టులో దూరతాయి. కొబ్బరి పొట్టు మెత్తగా ఉంటుంది, తేమ పీలుస్తుంది. దాన్ని కొని తెచ్చాక ఒకసారి ఎండబెట్టి వాడాలి. గోనెసంచులు రెండు పొరలుగా పరిచి రోజూ మార్చి ఉతికేస్తే అపార్ట్‌మెంట్ బాల్కనీకి అంతకన్నా వీలైనది లేదు. దారాలు ఊడిన సంచి మాత్రం వద్దు, వేలికి చుట్టుకున్న గోనెదారం ఒక్క రాత్రిలో రక్తాన్ని ఆపేస్తుంది.

ఇసుక మంచిదే, ఏ ఇసుక అన్నదే ప్రశ్న. ఇప్పుడు ఊళ్లలో లారీకి దొరికేది ఎక్కువగా రోబో శాండ్, అంటే రాయి పిండి చేసింది. దాని గింజలు కోణాలుగా, మొనదేలి ఉంటాయి. చేతిలో వేసుకుని నలిపితే గరగరలాడుతూ గీరుకుంటుంది, బాతు పాదానికి అది ఉప్పుకాగితమే. ఏటి ఇసుక నీళ్లలో దొర్లి దొర్లి నున్నబడింది, తేడా అక్కడే ఉంది. ఏటి ఇసుక దొరకకపోతే ఇసుక ఆలోచన మానుకుని గడ్డికే కట్టుబడటం మేలు.

నీళ్ల తొట్టి చుట్టూ ఎప్పుడూ చిత్తడే. అక్కడ రెట్ట, మేత, నీరు కలిసిన బురదలో పాదం నాని మెత్తబడుతుంది. మెత్తబడిన చర్మంతో బాతు గచ్చు మీదికి వస్తే గీరుకుపోతుంది. తొట్టిని పాకకు దూరంగా, నీరు దిగిపోయే చోట పెట్టాలి. కింద చిల్లులున్న ప్లాస్టిక్ పలక వేయవచ్చు. ఇనుప జాలీ వేయకూడదు, గోళ్లు ఇరుక్కుంటాయి. అరుగు మీదినుంచో మెట్టు మీదినుంచో దూకే అలవాటుంటే చెక్కతో వాలు కట్టాలి. 4 కిలోల పెకిన్ రెండడుగుల ఎత్తునుంచి గచ్చు మీదికి దూకిన ప్రతిసారీ దిండు లోపల కందుతుంది. ఇక ఎండాకాలం మిట్టమధ్యాహ్నం మేడ గచ్చు సంగతి చెప్పనక్కర్లేదు. చెప్పుల్లేకుండా మనం నిలబడలేని చోట బాతునూ నిలబెట్టకూడదు.

మేత

ఊళ్లో బాతుకు పెట్టేది నూకలు, మిగిలిన అన్నం. నూకల్లో విటమిన్ ఎ అసలు లేదు. అది తగ్గితే చర్మం పొడిబారి పొలుసులు దేలుతుంది, పాదం పగులుతుంది. మునగాకు, పాలకూర, తురిమిన క్యారెట్, చిలగడదుంప రోజూ గుప్పెడు పెడితే ఆ లోటు తీరుతుంది. నియాసిన్ అనే బి విటమిన్ కథ వేరు. మేతలోని ట్రిప్టోఫాన్ అనే అమైనో ఆమ్లం నుంచి దాన్ని తయారుచేసుకునే శక్తి బాతుకు కోడికన్నా తక్కువ. ఎదిగే బాతుపిల్లలకు కిలో మేతకు 55 మిల్లీగ్రాములు కావాలి. కోడిపిల్లల మేత ఆ లెక్కతో చేసింది కాదు. చాలకపోతే కాళ్లు వంకర తిరుగుతాయి, వంకర కాలు ఒక అంచు మీదే బరువు వేస్తుంది, అక్కడ గడ్డ లేస్తుంది. మేత మీద నియాసిన్ ఉండే బ్రూయర్స్ ఈస్ట్ పొడి చల్లడం తేలికైన ఉపాయం. లావెక్కిన బాతుకైతే అన్నం, రొట్టె మానేయడమే మందు. గుడ్లు పెట్టని మగబాతుకు గుడ్ల కోళ్ల మేత పెట్టకూడదు, అందులోని కాల్షియం మూత్రపిండాలకు భారం.

మూత్రపిండాలు చెడితే కీళ్లలో యూరేట్లు అనే లవణాలు పేరుకుని గౌట్ అనే కీళ్ల జబ్బు వస్తుంది. అదీ పాదాలు ఉబ్బడంగానే కనిపిస్తుంది. రెండు కాళ్లకూ ఒకేసారి, కీళ్ల దగ్గర తెల్లటి బుడిపెలు లేస్తే, అరికాలిలో పొక్కు లేకపోతే, అది కాలి గడ్డ కాదు. బాతు నిలబడలేక కూలబడిపోయి మెడ కూడా వాలిస్తే కుళ్లిన నీటివల్ల వచ్చే బొటులిజం అనే విషప్రభావాన్ని అనుమానించాలి, అక్కడ గంటలు లెక్క. చేపల గాలం ముక్కో, దారం ముడో పొరలో దాక్కున్న సందర్భాలూ తక్కువేమీ కాదు.

గుంట పూడి పైన చర్మం కప్పుకోగానే చాలామంది కట్టు మానేసి బాతును గచ్చు మీదికి వదిలేస్తారు. అప్పటి చర్మం ఉల్లిపొరలా పల్చగా, గులాబీగా, నున్నగా ఉంటుంది. దిండు మీది గరుకు గింజలు మళ్లీ తేలేదాకా గడ్డి మీదే ఉంచాలి, అందుకు ఇంకో రెండు మూడు వారాలు పట్టవచ్చు. ముందు పచ్చిక మీదికి, తర్వాత మట్టి మీదికి, చివరగా రోజుకు కాసేపు గచ్చు మీదికి వదలాలి. పదిహేను రోజులకోసారి రెండు అరికాళ్లనూ ఒకే వెలుతురులో ఫోన్‌తో ఫొటో తీసి పక్కపక్కన పెట్టి చూస్తే, పొక్కు కట్టకముందు వచ్చే ఆ నున్నటి మెరుపు దొరికిపోతుంది.